మౌసు లాగుతోందన్న అమ్మాయి

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, బంద్ నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణం నడుస్తోందో షట్టర్ చూసి చెప్పేవాళ్లం. నేల దాకా దిగి ఉంటే మూసినట్టు. మోకాలి ఎత్తున ఆగి ఉంటే లోపల పని సాగుతున్నట్టు. ఒక బంద్ రోజు పొద్దున మా వీధి చివర గేమింగ్ సెంటర్ షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వెళ్లాను. నా చేతిసంచిలో కొత్త మౌసు ఉంది.

నేను పనిచేసే పత్రికలో సాంకేతిక పేజీ అప్పట్లో నా చేతికి వచ్చింది. కంప్యూటర్ ఆటల కోసం తయారైన మధ్యరకం మౌసును పరీక్షించి రాయమన్నారు. రోడ్డు పక్క బండి మీద దొరికే వాటికన్నా మేలైనది, షోరూముల్లో గాజు అరలో తాళం వేసి ఉంచే వాటికన్నా తక్కువది. బొటనవేలి పక్కన రెండు మీటలు, చక్రం వెనక కర్సరు వేగం మార్చే మీట ఒకటి, అడుగున సులువుగా జారడానికి తెల్లటి నున్నని ముక్కలు. పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది వైరు గొప్పతనం. దారాలతో తాడులా అల్లినదట, తెగదట. నాకు ఆటలు రావు. వార్తలు దిద్దుకునే చేత్తో దాని గుణం తేల్చలేను. అందుకే ఆడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను.

సెంటర్ యజమానిది నల్గొండ దిక్కు. వయసు ముప్పై దాటి ఉండదు. అతనికి ఐదుగురి జట్టు ఒకటి ఉంది. అందులో ఒకతను ఉద్యమంలో తిరుగుతూ ఇక ఆటకు రానని చెప్పేశాడు. మిగతా నలుగురూ సెంటర్‌లోనే ఉన్నారు. ఎల్లుండే ఎల్బీనగర్‌లోని మరో సెంటర్ జట్టుతో పోటీ. ఆ ఖాళీ కోసం ముగ్గురు వచ్చారు. ఇద్దరు డిగ్రీ చదివే యువకులు. మూడో మనిషి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి.

యజమాని నా మౌసును అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

“మంచి టైముకొచ్చిన్రు సార్. ముగ్గురు దీంతోనే ఆడుతరు. మౌసుకు పరీక్ష, మనిషికి పరీక్ష. మంచిగుంటె జట్టు మొత్తానికి గిసొంటివే తెప్పిస్త.”

మొదట యువకులిద్దరూ ఆడారు. తుపాకుల ఆట. వాళ్లకు ఎదురుగా ఆడింది యజమాని జట్టులోకెల్లా గట్టివాడు. ఇద్దరూ కర్సరు వేగం బాగా పెంచుకుని, మణికట్టు బల్లకు ఆనించి, వేళ్ల కొసలతోనే నడిపారు. బాగానే ఆడారు. “మస్తుంది సార్, వెన్న లెక్క పోతుంది” అన్నారు. నేను ఆ మాటే రాసుకున్నాను.

అమ్మాయి కూర్చోగానే చేసిన మొదటి పని, వేగం పూర్తిగా తగ్గించడం. వెనక నుంచి ఎవరో అన్నారు: “అక్క ఎడ్లబండి కట్టింది.”

“కట్టనీ, ఎవరి దారికి అడ్డొస్తుందో చూద్దాం” అందామె తల తిప్పకుండానే.

వేగం తగ్గిస్తే కర్సరు కొంచెం జరగడానికి కూడా చేయి చాలా దూరం జరగాలి. ఆమె మోచేతి నుంచి మొత్తం చేతిని కదిలిస్తోంది. ఎడమ కొస నుంచి కుడి కొసకు బల్లంతా ఊడుస్తున్నట్టు. కానీ గురి తప్పుతోంది. ప్రతిసారీ కుడి కొసకు వచ్చేసరికి వెంట్రుకవాసి ఇవతలే ఆగిపోతోంది. తెర మీద ఆమె బొమ్మ మళ్లీ మళ్లీ కూలుతోంది.

“లాగుతోందన్నా” అంది.

యజమాని ఉలిక్కిపడ్డాడు. నెట్‌వర్క్ నెమ్మదించి ఆట వెనకబడటాన్ని వాళ్లు ల్యాగ్ అంటారు. “ల్యాగా? నా సెంటర్‌ల ల్యాగా?” అంటూ మూలనున్న నెట్‌వర్క్ పెట్టె దగ్గరికి ఉరికాడు. స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. పక్క కుర్చీల్లో ఆడుకుంటున్న వాళ్ల ఆటలన్నీ తెగిపోయాయి. “అన్నా, ఏందన్నా గిది! గెలిసేటోన్ని!” అని గోల.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ కుడి కొసన గురి తప్పింది.

“ఇంకా లాగుతూనే ఉంది.”

“సూడు చెల్లె,” యజమాని గొంతు మారింది. “అందరికి లేని ల్యాగ్ నీకొక్కదానికే ఎట్లుంటది? ఆడొస్తలేదంటె రాలేదను. నా మిషన్ల మీద ఎయ్యకు.”

ఆమె ముఖం ఎర్రబడింది. ఇంకొక్క మాట అంటే పంపించేస్తాడని ఆమెకూ తెలుసు, నాకూ అర్థమైంది. ఆమె మాటలు ఆపి, మౌసును కుడి కొస దాకా తోసి, అక్కడ వైరును రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. ప్లైవుడ్ బల్లకు వైర్ల కోసం చేసిన రంధ్రం ఉంది. దాని గరుకు అంచుకు అల్లిక దారాలు పట్టుకుని వైరు బిగుసుకుపోయింది.

“ఇదిగో, లాగుతోంది కదా. నేనేమైనా అబద్ధం చెప్పానా?”

యజమాని వంగి చూశాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. “అరె, గుంజుతుందా! గుంజుతుంది అని చెప్పరాదు!”

“లాగడమన్నా అదే కదన్నా.”

“మా దిక్కు లాగంటె కాళ్లకు తొడుక్కునేది!”

సెంటరంతా నవ్వులు. ఆమె కూడా నవ్వింది. వేళ్లు మాత్రమే కదిలించిన యువకులకు ఆ వైరు సంగతి తెలిసే అవకాశమే లేదు. చేయంతా చాచేవాళ్లకే అది అడ్డం పడుతుంది. పెట్టె మీద గొప్పగా రాసుకున్న గుణమే దాని లోపం. నా రాతలో అసలు మాట అదే అయింది.

యజమాని ప్లగ్గు పీకి, వైరును రంధ్రంలోంచి బయటికి తీసి, బల్ల మీదుగా తెచ్చి మళ్లీ పెట్టాడు. ఆమె జుట్టుకున్న క్లిప్పు తీసి, వైరును మానిటర్ పై అంచుకు కరిపించింది. ఇప్పుడు వైరు బల్లను తాకకుండా గాలిలో వేలాడుతోంది.

ఆ తర్వాత నేను తెర చూడలేదు. ఆమె చేతినే చూశాను. అంత దూరం, అంత వేగంగా పోయే చేయి చివరి క్షణంలో ఎలా ఆగుతుందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఆగడానికి ముందు తడబాటు లేదు, ఆగిన తర్వాత దిద్దుబాటు లేదు. బల్ల చివరికి వచ్చినప్పుడు మౌసును కొద్దిగా పైకెత్తి, వెనక్కి తెచ్చి దించేది. ఆ ఎత్తడం కంటికి ఆనేది కాదు. పిట్ట ఒక కొమ్మ మీద నుంచి పక్క కొమ్మకు మారినంత తేలిక. ఏళ్ల తరబడి సభలు చూశాను, ఊరేగింపులు చూశాను, లక్షల గొంతులు ఒక్కటై లేచిన చోట నిలబడ్డాను. ఆ సమయంలో కూడా బయట రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు సాగుతున్నాయి. లోపల మాత్రం ఒక మనిషి మనసుకీ చేతికీ మధ్య దూరమే లేకుండా పోవడం చూస్తూ నిలబడ్డాను. ఎడ్లబండి అన్న గొంతు మళ్లీ వినిపించలేదు.

ఆట ముగిసింది. ఎదుట ఆడిన గట్టివాడు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “తీస్కోండన్నా ఈ అక్కను. అవతలి జట్టుల ఉంటె మనం ఖతం” అన్నాడు.

యజమాని అప్పటికే తేల్చుకున్నాడు. “ఎల్లుండి పొద్దుగాల ఈడికి రా చెల్లె. అందరం కలిసి ఎల్బీనగర్ పోదాం. ఆ రోజు గూడ బస్సులు బంద్ అయితె నడుసుడే. నడుస్తవా?”

“నేనుండే హాస్టలు ఎల్బీనగర్‌లోనే అన్నా. నడవాల్సింది మీరు.”

అందరూ ఘొల్లుమన్నారు. యజమాని కూడా నవ్వబోయి ఆగాడు.

“మరి ఇయ్యాల ఎట్లొచ్చినవ్? బస్సుల్లేవు, ఆటోలు లేవు.”

“కొత్తపేట మీదుగా నడుచుకుంటూ వచ్చేశాను.”

అతను జట్టు వాళ్ల వరసలో ఖాళీగా ఉన్న ఐదో కుర్చీని ఆమె వైపు తిప్పి, “కూసో. అయిదుగురు కలిసి ఒక్క ఆట ఆడుండ్రి, సూస్త” అన్నాడు.