ఎడమ చక్రం కింద జాకీ

ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు విమానాల రిపేర్లు చేసి, విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. అక్కడ రెండు సీట్ల పాత విమానం ఒకటుంది. ఎగరదు. విద్యార్థులకు చూపించడానికి రేకుల షెడ్డులో పెట్టారు. ఎడమ చక్రంలో గాలి పోయి, ఆ రెక్క కిందికి వాలిపోయి ఆరు నెలలైంది. కొత్త ట్యూబూ, విమానాలకు వాడే జాకీ కావాలని ఎన్నిసార్లు రాసినా "చూద్దాం" అన్నారు.

తీరా మర్నాడు తనిఖీ బృందం వస్తుందనగా మా డిపార్ట్‌మెంట్ హెడ్ మధ్యాహ్నం ట్యూబు పట్టుకుని వచ్చారు.

"సాయంత్రానికి ఇది తిన్నగా నిలబడాలండీ."

"జాకీ, సర్?"

"కారు జాకీతో అవదా?"

కారు జాకీ నమ్మలేను. కొత్తవలసలో లారీ మెకానిక్‌గా ఉన్న మా ఆవిడ అన్నయ్యకు ఫోన్ చేశాను. గంటలో తన చిన్న ఆయిల్ జాకీ గోనెసంచిలో చుట్టి బండి మీద తెచ్చాడు. విమానం చుట్టూ తిరిగి చూసి నవ్వాడు.

"ఇదేటి బావా, బొమ్మలాగున్నాది. ఐదు నిమిషాల్లో ఎత్తీనా?"

"బరువు కాదు బావా బాధ," అన్నాను. "ఈ చక్రం కాలు సూడు, ఉక్కుపట్టీ. పైకెత్తినకొద్దీ లోపలికి ముడుసుకుంటాది. దాంతోపాటు జాకీ ఒరిగిపోతాది."

మిగతా రెండు చక్రాలకూ ముందూ వెనకా చెక్కదిమ్మలు అడ్డం పెట్టాను. నేల గుల్లగా ఉంది కాబట్టి ఇనప పలక పరిచాను. తీరా చూస్తే గాలి లేని చక్రం పక్కన, కాలు కింద జాకీ దూరడానికి ఎత్తు చాలలేదు. పాత ట్యూబులోనే పంపుతో గాలి కొట్టాం. పలక సర్దేలోపే అది కాస్తా దిగిపోయింది. మళ్లీ కొట్టి జాకీ దూర్చి రెండంగుళాలు ఎత్తామో లేదో, నేను చెప్పినట్టే ఒరగడం మొదలైంది. దించాం. దించితే జాకీ కింద ఇరుక్కుంది. మళ్లీ పంపు. చొక్కాలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. ఆరు నెలల ముందే సరైన జాకీ కొని ఉంటే ఈ తిప్పలెందుకని పళ్లు కొరుక్కున్నాను.

నాలుగోసారికి చక్రం నేల విడిచింది. బావ బోర్లా పడుకుని, చక్రం కిందికి చెయ్యి పోనిచ్చి, ఇరుసు పక్కనున్న బ్రేకు బోల్టు తిప్పుతున్నాడు. అంతలో విమానం ఊగింది. అవతలి తలుపు తీసుకుని హెడ్‌గారు పైలట్ సీట్లోకి ఎక్కుతున్నారు, చేతిలో ఫోన్‌తో. ఫొటో తీసుకోవడానికి. జాకీ తల వేలెడు మేర పక్కకు ఒరిగింది.

"దిగు!" అని అరిచాను.

బావ చెయ్యి లాగేసుకున్నాడు. హెడ్‌గారు దిగి వెళ్లిపోయారు.

"నా సెయ్యి పోయేది కదా బావా," అన్నాడు బావ, వేళ్లు చూసుకుంటూ. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మళ్లీ దించి, మళ్లీ ఎత్తి, షెడ్డు గుమ్మంలో నన్నే కాపలా నిలబెట్టుకుని పని చేశాడు. చక్రం ఊడదీశాక, టైరులో మిగిలిన గాలంతా వదిలించాకే రిమ్ము బోల్టులు విప్పనిచ్చాను. అయిదున్నరకు విమానం తిన్నగా నిలబడింది.

అప్పుడు హెడ్‌గారు గదికి పిలిపించారు.

"నన్ను 'దిగు' అన్నారు మీరు."

"అప్పుడు మా బావ చెయ్యి చక్రం కింద ఉంది సర్."

"అది వేరే సంగతండీ. మాట మాటే కదా?"

క్షమించమన్నాను. ఆ క్షమాపణ నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు తనిఖీవాళ్లు సెమినార్ హాల్లో కూర్చుని, భోంచేసి, అటునుంచి అటే వెళ్లిపోయారు. షెడ్డు వైపు తొంగి కూడా చూడలేదు. సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"ఏటన్నారు బావా? బాగుందన్నారా?"

"బాగుందన్నారు," అన్నాను.

"అన్నారా!" అని సంబరపడి, పక్కనున్న ఎవరికో ఆ మాట చెప్పాడు. వాళ్లు ఏదో అడుగుతున్నారు. అతను విమానం కాలు ఎలా ముడుచుకుంటుందో వాళ్లకు వివరిస్తున్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. వచ్చిన వాళ్ల మీదా, హెడ్‌గారి మీదా ఉన్న చిరాకంతా ఆ రాత్రికి, క్షమించమన్న నా మీదకే తిరిగింది.