రాజక్క నెత్తురులో అదలుబదలు

మహారాష్ట్ర సరిహద్దులోని గడ్‌చాందూర్ అంగడిలో గాజులమ్మే రాజక్క నోరు ఊరుకునేది కాదు. తెలంగాణ వచ్చిన ఏడాది మాత్రం నెల రోజులు మూగదైపోయింది. ఎడమ పక్కటెముకల కింద బరువు, రెండు ముద్దలకే కడుపు నిండడం. చంద్రపూర్‌లో పరీక్ష చేస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటాయి. రక్త క్యాన్సర్ అన్నారు.

తన సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. చంద్రపూర్‌లోనే బాబుపేట్‌లో ఉండే కూతురు గిరిజకు ఆరో నెల. ఇది జన్యువుల రోగమని ఎవరో అనగానే, బిడ్డకూ, కడుపులోని పిల్లకూ తానే అంటగట్టానని కుమిలిపోయింది.

ముంబై నుంచి జన్యుపరీక్ష రిపోర్టు వచ్చింది. అల్లుడు ప్రహ్లాద్ ఆమెను డాక్టర్ అనంతరావు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే.

“నీ మూలుగల ఒక కణంల, తొమ్మిదో నంబరు క్రోమోజోము ముక్క, ఇరవై రెండో దాని ముక్క జాగ మార్చుకున్నయి. ఆ అతుకుకాడ కొత్త జన్యువు తయారైంది. అదే తెల్లకణాలను ఆగకుంట పుట్టిస్తున్నది.”

“నా బిడ్డకు పోతదా సార్?”

“పోదు. నువ్వు పుట్టినంక, ఎప్పుడో నీ మూలుగలనే జరిగిందిది. మీ అవ్వ నీకియ్యలే, నువ్వు గిరిజకియ్యవు.”

“ఇంకోపాలి చెప్పున్రి.”

ఆయన మళ్లీ చెప్పాడు. మరాఠీలో కూడా చెప్పించుకుంది.

“అంటే వెనకట రాష్ట్రాలు మార్చినప్పుడు మా ఊర్లను ఆదిలాబాద్‌కెల్లి తీసి చంద్రపూర్‌ల కలిపినట్టేనా సార్?”

“గట్లనే. కాకుంటే దీనికి గోళీ ఉన్నది. రోజుకొకటి, తిన్నంక.”

బయటికి రాగానే రాజక్కకు కాళ్లు నేల మీద నిలవలేదు. బాబుపేట్‌కు పోయి గిరిజ చేతులకు మోచేతుల దాకా పచ్చగాజులు తొడిగింది. “ఏమైందే అవ్వా” అని కూతురు అడుగుతుంటే, ఆమె బుగ్గలు పట్టుకుని ఊపేసింది. తిరుగుబస్సులో కండక్టరుకు తొమ్మిది, ఇరవై రెండు కథంతా వినిపించింది. ఆయన సీటు నంబర్లనుకుని, తొమ్మిదిలో కూర్చున్న ముసలాయన్ని లేపబోయాడు. బస్సంతా పగలబడి నవ్వింది.

వానాకాలం పోయేసరికి గిరిజకు ఆడపిల్ల పుట్టింది. గోళీలకు రాజక్క కాళ్లు వాచాయి, ఒళ్లంతా తిమ్మిరెక్కేది. అయినా ఒక్క పూటా మానలేదు. ఏడాదికి చేసిన పరీక్షలో ఆ అతుకుల జన్యువు వెతికితే గాని దొరకనంత తగ్గింది.

“ఇంకెన్నేండ్లు మింగాలె సార్?” అంది.

“ఇప్పుడైతే ఆపేది లేదు.”

“మంచిది. మనుమరాలి లగ్గానికి మీరు గూడ రావాలె,” అని, ఆ పిల్లకు ఇంకా నడక రాలేదని గుర్తొచ్చి కుర్చీలోనే విరగబడి నవ్వింది.