నలుపు తెలుపుల్లో క్రాసోవర్ కేబుల్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి తల పైకెత్తితే ఆకాశం కనిపించదు, కోర్సులు కనిపిస్తాయి. ఒక్కో భవనానికి ఒంటినిండా ఫ్లెక్సీలే. అలాంటి ఒక భవనం మూడో అంతస్తులో నేను నెట్‌వర్కింగ్ నేర్చుకున్నాను, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని. పిల్లల కోసం ఉద్యోగం మానేసి పదకొండేళ్లు ఇంట్లో ఉన్నదాన్ని. మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్తే ఎవరూ నా చదువు గురించి అడిగేవారు కాదు. "గ్యాప్ ఉంది కదా మేడం" అనేవారు, ఏదో జైలు నుంచి విడుదలై వచ్చినదాన్ని పలకరిస్తున్నంత మర్యాదగా. ఆ మాట వినీ వినీ నాకు అద్దంలో చూసుకున్నా గ్యాపే కనిపించేది. నాకు ఉద్యోగం కావాలి. డబ్బు కంటే ముందు ఆ మాట అనే నోళ్లు మూయించడానికి కావాలి.

మా సారుది గోదావరి వైపు. గొప్ప వక్త. రౌటర్ అంటే ఏమిటో గంటసేపు అనర్గళంగా చెప్పగలరు. రౌటర్‌ను ముట్టుకోవడం మాత్రం ఆయన స్థాయికి తగిన పని కాదు. పాఠమంతా ఒక నోట్సులో ఉంటుంది, ఆ నోట్సు భవనం కింది జిరాక్సు షాపులో దొరుకుతుంది. ఎప్పుడో ఎవరో రాసుకున్నదానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. మేం చదివింది ఎన్నో తరానిదో ఎవరికీ తెలియదు. అక్షరాలు సగం చెరిగిపోయినా దాని మీద భక్తి మాత్రం చెక్కుచెదరలేదు.

అందులో ఒక పేజీలో క్రాసోవర్ కేబుల్ బొమ్మ ఉంది. ల్యాబ్‌లో రెండు రౌటర్లను నేరుగా కలిపి పరీక్షించడానికి వాడే తీగ అది. లోపల ఎనిమిది సన్నని రంగు రంగుల వైర్లుంటాయి. రెండు చివర్లా వాటిని వరుసగా చిన్న ప్లగ్గులోకి దూర్చి క్రింపర్‌తో గట్టిగా నొక్కాలి. ఏ రంగు ఎక్కడికి పోవాలన్నదే అసలు విద్య. ఆ విద్యను మా సంస్థ నలుపు తెలుపుల్లో నేర్పేది. బొమ్మలో ఆరెంజూ బూడిద రంగే, గ్రీనూ బూడిద రంగే. ముందు బ్యాచ్ పుణ్యాత్ముడెవరో జాలిపడి పక్కనే పెన్నుతో రంగుల పేర్లు రాశాడు. రెండు చివరలకూ ఒకే వరుస రాశాడు.

"సార్, రెండు దిక్కుల ఒక్కతీరే ఉంది. మరి ఇందుల క్రాస్ అయింది ఏంది?" అని అడిగాను.

"ఎన్ని బ్యాచ్‌లు ఇదే చూసి చేశాయో తెలుసా అండీ? మీకొక్కరికే డౌటొచ్చింది" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. నేను చేసిన కేబుల్‌నే ల్యాబ్‌లో రెండు రౌటర్లకు పెట్టించారు. టక్కున పచ్చ లైటు వెలిగింది. ఇక నేనూ ఆ వరుసనే బట్టీ పట్టాను.

నా సిగ్గు సంగతి కూడా చెప్పాలి. మా పుట్టింటివాళ్లది పోచంపల్లి నేత పని. చీర నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఒక్క ముడి తప్పినా మగ్గం ఎక్కాక పువ్వు వంకర పోతుంది. అందుకే మా అమ్మ ఎవరి మాటా నమ్మేది కాదు, నాన్న మాటతో సహా. ప్రతి ముడినీ తన వేళ్లతో చూసుకున్నాకే కదిలేది. అలాంటి మనిషి కడుపున పుట్టి, రంగుల్లేని రంగుల బొమ్మకు నేను తలూపాను.

ఎల్‌బీనగర్‌లో ఒక చిన్న కంపెనీ పిలిచింది. పరీక్ష పెట్టినాయన అక్కడి పెద్ద ఇంజినీరు, మాట తీరును బట్టి నల్గొండ మనిషి. బల్ల మీద రెండు ముసలి రౌటర్లు, ఒక తీగ ముక్క, క్రింపర్, మూడు ప్లగ్గులు పెట్టారు.

"క్రాసోవర్ మీరే చేయాలె. గీ రెండింటిని కలిపి, గిక్కడికెళ్లి పింగ్ కొడితే గక్కడికెళ్లి జవాబు రావాలె. గంతే మేడం. వస్తే సోమవారం నుంచి డ్యూటీకి రండ్రి."

గ్యాప్ ఊసే లేదు. ఆ ఒక్కదానికి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. నోట్సులోని వరుసను మంత్రంలా గొణుక్కుంటూ రెండు చివర్లూ బిగించి రౌటర్లకు పెట్టాను. లైటు వెలగలేదు. తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టాను. మన ఇళ్లలో సగం వస్తువులు ఊదితే బాగవుతాయి. ఇది కాలేదు.

"లైటు వస్తలేదా?" అన్నారాయన. "ఇవి పాతయి మేడం. కొత్త రౌటర్లయితే తీగ తప్పు పెట్టినా లోపల అవే సవరించుకుంటయి. వీటికి గా తెలివి లేదు. బట్టీ పట్టింది పక్కన పెట్టి జర ఆలోచన చేయుండ్రి."

మా సంస్థలోవి కొత్త రౌటర్లు. అంటే ఇన్నేళ్లూ సారు పరువు కాపాడుతూ వచ్చింది అవేనన్నమాట! నవ్వు రావాల్సిన చోట నాకు చెమటలు పట్టాయి. చేతిలో మిగిలింది ఒకటే ప్లగ్గు. అది కూడా పాడైతే మళ్లీ ఇంటికి వనస్థలిపురం బస్సు, మళ్లీ గ్యాపు.

తీగను చేతిలో పట్టుకుని ఆలోచించాను. ఒక్కో రౌటర్ ఒక జత వైర్ల మీద మాట్లాడుతుంది, ఇంకో జత మీద వింటుంది. రెండు చివర్లూ ఒకేలా ఉంటే నోటికి నోరు, చెవికి చెవి తగులుతాయి. మా ఇంట్లో నేనూ మా ఆయనా రోజూ చేసే పనే కాబట్టి ఇది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒకరి నోరు ఇంకొకరి చెవిని చేరాలంటే, ఒక చివర ఆరెంజ్ జతా గ్రీన్ జతా చోట్లు మార్చుకోవాలి.

ఒక చివర కోసి పారేశాను. ఎనిమిది వైర్లనూ విడదీసి, అమ్మలాగే ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి, రంగు చూసి వరుసలో పెట్టాను. గొణుక్కోలేదు. క్రింపర్ నొక్కాను.

రెండు రౌటర్లకూ లైటు వెలిగింది. పింగ్ కొట్టాను. తెర మీద మొదట ఒక చుక్క పడింది. చుక్క అంటే జవాబు రాలేదని. ఆ తర్వాత వరుసగా నాలుగు ఆశ్చర్యార్థకాలు పడ్డాయి. నాలుగు జవాబులు!

"మొదటిది గట్లనే పోతది మేడం" అని నవ్వారాయన. "ముందుగాల ఎవరు ఎక్కడున్నరో తెల్సుకోవాలె గద."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

నెల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి అలవాటుగా తల పైకెత్తాను. ఫ్లెక్సీలో నేనున్నాను. నా ముఖం కంటే పెద్ద అక్షరాల్లో "పదకొండేళ్ల గ్యాప్ ఉన్నా జాబ్ గ్యారంటీ" అని రాయించారు సారు. ఫ్లెక్సీకి మాత్రం రంగులకు ఏ లోటూ చేయలేదు. ఆరెంజ్ ఆరెంజ్‌లాగే ఉంది, గ్రీన్ గ్రీన్‌లాగే ఉంది.

తిన్నగా కింద జిరాక్సు షాపుకు వెళ్లి అందరికీ జిరాక్సు తీసి ఇచ్చే ఆ నోట్సు ప్రతి అడిగాను. షాపతను నన్నూ, పైన ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశాడు.

"మీరే గద మేడం గా ఫోటోల? గీ నోట్సు తోటే వచ్చిందా జాబు?"

"కాదన్నా, గీ నోట్సు చెప్పింది కోసి పారేసినంక వచ్చింది. జర పెన్ను ఇయ్యి" అన్నాను.