ఉల్లిబుట్టలో లిల్లీ దుంపలు

మొన్న మా మనవరాలు ఆన్‌లైన్‌లో తెప్పించిన గులాబీరంగు పూల లిల్లీ దుంపలను వలసంచితో సహా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టిందో లేదో, నేను కసిరి బాల్కనీలోకి పంపించాను. పాపం, అది బిత్తరపోయింది. రాయపూర్‌లో ఈ శంకర్ నగర్ ఫ్లాట్‌కి వచ్చి ఇన్నేళ్ళయినా, గోధుమరంగు పొరతో మెరిసే ఆ దుంపలు ఉల్లిపాయల పక్కన కనిపిస్తే ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు చూసి గాని ఉల్లిపాయ ముట్టను.

విజయనగరం వైపు నుంచి నేను కోడలిగా వచ్చింది ఇక్కడి రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్‌కి. మామగారు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఆ ఇళ్ళ వరసల్లో, చూపు మందగించిన మామగారు పొరపాటున పక్కవాళ్ళ గుమ్మమెక్కి నవ్వులపాలయ్యారట. దాంతో అత్తగారికి పట్టుదల వచ్చింది. మన ఇల్లు రోడ్డు మీంచే తెలియాలని, పసుపూ తెలుపూ పూలు ఎవరైనా పెంచుతారని, అంతా గులాబీరంగే వేసింది. కంచెకి గన్నేరు, గుమ్మం పక్కన ముద్దమందారం, ఏడాది పొడుగునా ఊరుకోకుండా పూసే బిళ్ళగన్నేరు. గులకరాళ్ళ మొరం నేలని గునపంతో తవ్వి, చెరువుమట్టి నింపి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచింది. లిల్లీ దుంపలు మాత్రం ఒక ఆఫీసరు బంగళా తోటమాలిని బతిమాలి తెచ్చుకుంది. పూత అయ్యాక తవ్వి నీడలో ఆరబెట్టి తొలకరికి మళ్ళీ నాటమనీ, లోపలంతా విషం కాబట్టి మేకని కూడా ముట్టనివ్వొద్దనీ అతను చెప్పాడట.

ఇంత చేసిన మనిషితో మామగారు మాట్లాడటం నేను విన్నది తక్కువ. కూర బాగోలేకపోతే కంచం పక్కకి జరిపేవారు, బాగుంటే అదీ లేదు. వీళ్ళ కాపురం ఇంతేనేమో అనుకునేదాన్ని.

నా తొలి వేసవి అది. రాయపూర్ ఎండ గురించి మన తరంవాళ్ళకి చెప్పాలా! వడగాలి కొట్టకుండా జేబులో ఉల్లిపాయ వేసుకోవడం, మధ్యాహ్నం బాసీ, అదే మన నీళ్ళలో నానిన చద్దన్నం, తింటూ ఆ ఉల్లిపాయనే పిడికిలితో గుద్ది నంజుకోవడం మామగారికి తోటి పనివాళ్ళ దగ్గర అబ్బింది. రోజూ తెల్లవారీ తెల్లవారకుండానే బుట్టలో తడిమి ఒకటి తీసుకుపోయేవారు.

ఆ రోజు పప్పులోకి ఉల్లిపాయ కోద్దామని నేను బుట్ట ముందుకు లాగితే, చూసిన అత్తగారు నిలువునా కొయ్యబారిపోయింది. కిందటి సాయంత్రం గాలిదుమారం లేస్తే, వరండాలో ఆరుతున్న దుంపల్ని హడావిడిలో ఆ బుట్టలోనే ఓ పక్కగా పోసిందట. వాటిలో అన్నిటికన్నా పెద్దది లేదు.

"నడువే అమ్మీ, భోజనాల హూటర్ కొట్టేలోగా సేరాల" అంది.

చెప్పులు కూడా తొడుక్కోలేదు ఆవిడ. కరుగుతున్న తారు మీద, అంత భారీ మనిషి, నాకన్నా ముందు పరిగెత్తింది. వర్క్‌షాపు గేటు దగ్గర కాపలా అతను ఆడవాళ్ళని లోపలికి వదలనన్నాడు. విషమని చెప్పడానికి వచ్చీరాని హిందీలో నేను జహర్, జహర్ అని మొత్తుకుంటే లోపలికి కబురు పంపాడు. అంతలోనే హూటర్ కూసింది. అత్తగారు కాలుతున్న గేటు ఊచలు పట్టుకుని, ఆ కూత ఆగిపోయినా వదల్లేదు. లోపల ఎవరూ కదిలి రావడం లేదు.

చివరికి మామగారు తాపీగా నడిచి వచ్చారు, చేతిలో నలిగిన దుంపతో.

"తినీసారేటి?" అంది ఆవిడ.

"ఇదేటి ఉల్లిపాయే? గుద్దితే కంట్లో సుక్క నీరు రానేదు. అందుకే నోట్లో ఎట్టనేదు."

ఆవిడ అక్కడే దుమ్ములో కూలబడి, అంతమంది మగవాళ్ళ ముందు వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన భుజం మీది తువ్వాలు తడిపి తెచ్చి, వంగి, బొబ్బలెక్కిన ఆవిడ అరికాళ్ళకి చుట్టారు. నేను తల తిప్పేసుకున్నాను.

ఇంటికొచ్చి ఆవిడ దుంపలన్నీ పారేయబోతే మామగారే అడ్డుపడ్డారు. తొలకరికి ఆ నలిగినదాన్ని కూడా తనే నాటారు. బతకదనుకున్నాం గాని, కొన్నాళ్ళకి అదీ పూసింది.

ఇప్పుడైతే ఒక్క ఫోనుతో పోయేది. మంచిదే, ఎవరి కాళ్ళూ కాలవు. కానీ ఆ పరుగే లేకపోతే ఆ ఇద్దరి మధ్య ఏముందో నాకెప్పటికీ తెలిసేది కాదు.

మనవరాలు బాల్కనీ కుండీల్లో దుంపలు నాటింది. ఇవి పూస్తే రోడ్డు మీంచి మన ఇల్లు గుర్తుపట్టొచ్చా అని అడిగాను. ఏడో అంతస్తు కదా నానమ్మా, కింద నుంచి ఎవరికి కనిపిస్తుంది అంది.