మసి కడిగిన ఇల్లు

ఏడో తరగతితో నేను బడి మానేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి బడే నన్ను మానేసింది. ఆ రోజు మాస్టారు పిల్లలకు చాక్లెట్లు కూడా పంచారట. అంత చదువున్నవాణ్ణి కాబట్టే, అరకు అవతల ఆ పాత పెంకుటింట్లో దిగేటప్పుడు తలుపు తట్టి చూశాను, గడియ వేసి చూశాను, పైకప్పు వైపు మాత్రం తలెత్తలేదు.

ఇంటామె కొండ మనిషి, ముసలావిడ. మా వెనకింట్లోనే ఉండేది. "ఖాళీగా ఉంటే పడిపోద్ది బాబూ, బాగు సేసుకొని ఉండు" అంది. సంతలో కూరగాయలు కొని కిందికి పంపే వ్యాపారం మాది. మా ఆవిడకు కట్టెల పొగ పడదు, తగిలితే గంటసేపు ఊపిరాడదు. పొయ్యి వెలిగిస్తే మర్నాడే రైలెక్కి కొండ దిగువన కోట ఊళ్లో ఉన్న పుట్టింటికి పోతానని ముందే చెప్పింది.

సరేనని మట్టిపొయ్యి తవ్వేసి గ్యాసు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. పైన వాసాలన్నీ మసిబారి నల్లగా ఉన్నాయి. నిచ్చెనెక్కి నాలుగు రోజులు ఇనుప పీచుతో, సబ్బునీళ్లతో తోమాను. అయిదో రోజు చెయ్యి లేవక అన్నం మా ఆవిడే కలిపి పెట్టింది. వాసాలు మాత్రం పెళ్లికొడుకుల్లా తేలాయి.

వానలు పట్టేసరికి పైనుంచి పొడి రాలడం మొదలైంది. శనగపిండిలా సన్నగా అన్నంలో, పక్కమీద, నీళ్ల బిందెలో. ఇంటామెను పిలిచి చూపించాను. ఆవిడ తలెత్తి వాసాల వంక చూసింది.

"మసేది బాబూ?"

"కడిగేసినానమ్మా."

"ఏటికి?"

"శుబ్బరంగా ఉంటాదని."

"మా మామ నాటి నుంచి పెట్టిన పొగ. అదుండబట్టే పురుగు రానేదు. ఇప్పుడు వాసాలు తినేస్తంది. రోజూ పొయ్యి ఎలిగించు, నేదంటే వచ్చే వానలకి ఇల్లు కూలిపోద్ది."

"ఇంటికి పొగ కావాల, మా ఆవిడకి పడదు. ఇద్దర్లో ఎవర్నుంచుకోమంటావమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "మీ ఆవిడ రోడ్డు కాడికెల్లినప్పుడు ఎలిగించు. కడిగినోడివి నువ్వే కదా, నువ్వే కూకో."

తవ్విన పొయ్యి మళ్లీ కట్టుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ బస్తాలు జీపుకెక్కించడానికి రోడ్డు మీదికి వెళ్లేది. నేను పొయ్యి ముందు కూర్చునేవాణ్ణి. పొగ ఎంత చిక్కగా ఉంటే పురుగు అంత బేగి చస్తుందని పచ్చికర్రలే ఏరి పెట్టేవాణ్ణి. మధ్యాహ్నానికి కళ్లు వాచి, గొంతు పూడుకుపోయి, తలుపులన్నీ తీసి చేటతో పొగ బయటికి విసరడం. అది అయ్యాక మిగిలిన బస్తాలు మోయడం. రాత్రి పడుకుంటే నా చొక్కాయే పొయ్యిలా కంపుకొట్టేది. ఎంత విసిరినా ఏ మూలో కాస్త మిగిలేది. ఒకరోజు మా ఆవిడ గడప దాటి లోపలికి రాగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చి అక్కడే కూలబడింది.

"కార్తీకం దాకా సూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఎల్లిపోతాను" అంది.

కార్తీకం వచ్చింది. పొడి రాలడం చాలావరకు తగ్గింది. చలి మాత్రం ఎముకల్లోకి దిగింది. ఒక పొద్దున ఆమె రోడ్డు మీదికి వెళ్లలేదు. నేను పొయ్యి ముందు కూర్చున్నా, రైలు టైమ్ మీదే ధ్యాస. ఆమె వెనకింటికి వెళ్లి ఎండుకర్రల మోపుతో వచ్చింది. పొయ్యిలో ఇంకా వెలిగించని నా పచ్చికర్రలు లాగి వాకిట్లో పడేసి, ఎండువి పెట్టింది. మంట నిటారుగా లేచింది, పొగ సన్నగా పైకి పోయింది. పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. దగ్గు రాలేదు.

"నాలుగు నెలలు కళ్లు పోగొట్టుకొని ఇల్లు నిలబెట్టినాను. ఒక్క మంచి మాటనవేటే" అన్నాను.

"ఎండుకర్ర పొగే సాలునంట, ఇంటామె నిన్న సెప్పింది. పురుగు సంగతేటో గానీ, పచ్చికర్ర పెట్టి ముందు నన్నే సంపీబోయినావు. జరుగు. రేపట్నుంచి పొయ్యి నాది, బస్తాలు నీవి."