వంకాయ రంగు నాలుక

సిద్దిపేట సర్కారు దవాఖానలో యాదవ్వ కొలువు ఊడవడం, అలకడం, సీసాలు కడగడం. కాగితం మీద అంతే. కానీ పందొమ్మిది వందల నలభైలలో ఆ ఊరి పసిపిల్లల నోళ్ళు ఆమె చేతుల్లోనే బాగుపడేవి. పెద్దిళ్ళవాళ్ళు బాలింతను గడప దాటనివ్వరు, మగ డాక్టరును గడప లోపలికి రానివ్వరు. మరి మందు పూసేదెవరు? అందుకే డాక్టరుసాబు ఆమెకు పని నేర్పి పంపేవాడు. తామరకు మండే మలాము, పిల్లల నోటిపూతకు వంకాయ రంగు నీళ్ళమందు. అక్షరమ్ముక్క రాని మనిషి, ఏ సీసా దేనికో ఒక్కనాడూ తప్పలేదు. దురద తగ్గగానే మలాము మానేసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. మిరుదొడ్డి నుంచి వచ్చే రైతుల చేత "పదిహేను దినాలు విడువకుంట రాస్త" అని ఒట్టు పెట్టించుకుని గానీ పంపేది కాదు.

ఒక ఎండాకాలం పొద్దున బట్టల దుకాణం రామేశ్వర్ ఇంటినుంచి కబురొచ్చింది. అతని కొడుక్కి ఇరవై అయిదు రోజులు. రెండు రోజులుగా రొమ్ము పట్టబోవడం, కెవ్వుమని వదిలేయడం. యాదవ్వ నోరు తెరిచి చూస్తే నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత. పిల్లాడి నాయనమ్మ రాధాబాయి అది పాలమురికి అనుకుంది. తేనెలో గుడ్డ ముంచి రుద్ది రుద్ది నెత్తురు తెప్పించింది. యాదవ్వకు చిర్రెత్తుకొచ్చినా నోరు కట్టుకుంది. పుల్లకు దూది చుట్టి మందు పూసి, "తుడువకుండ్రి అమ్మా, రేపు మల్ల వస్త" అని చెప్పి వెళ్ళింది.

మరునాడు వచ్చేసరికి పిల్లాడి మూతి మీద మందు రంగు జాడే లేదు. ఏడ్చే ఓపిక కూడా తగ్గి ఏడుపు సన్నబడింది.

"తుడిచిన్రా?"

"తుడవక ఏం జెయ్యాలె యాదవ్వా? మా పెద్దబిడ్డ కొడుకును పాము కరిచినప్పుడు పెదవులు గిట్లనే నీలమైనయి. నా ఒళ్ళెనే పానం పోయింది. గా రంగు వీని మూతి మీద నేను సూడలేను" అంది రాధాబాయి. గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

యాదవ్వ కోపం దిగిపోయింది. మందు మీద ఎన్ని మాటలు చెప్పినా రాధాబాయి చెవికెక్కవని తెలిసింది. దూది మందులో ముంచి తన నాలుకకు, పెదవులకు దట్టంగా పూసుకుని చూపించింది.

"పిల్లగానికి ఇప్పుడే పుయ్యనియ్యుండ్రి. నేను పొద్దుగూకేదాక మీ అరుగు మీదనే కూసుంట. నాకేమన్న అయితే అప్పుడు తుడువుండ్రి."

రాధాబాయి చాలాసేపు ఆ నాలుకనే చూసి, చివరికి తలూపింది. యాదవ్వ పిల్లాడికి పూసి, ఇంకో పుల్ల ఆమె చేతికే ఇచ్చింది. "ఈ నోటిపూత తల్లికి గూడ అంటుకుంటదమ్మా. కోడలి రొమ్ములకు మీరే పుయ్యుండ్రి, అది మీ చేతుల పనే."

ఇక ఆ బజారులో నవ్వులే నవ్వులు. "ఏందే యాదవ్వా, సిరా తాగినవా?" అని పోయేవాళ్ళంతా ఆటపట్టించారు. ఆమె నాలుక ఇంకాస్త బయటపెట్టింది. గడియకోసారి రాధాబాయి తలుపు దగ్గరకొచ్చి ఆ నాలుక చూసి లోపలికి పోయేది. యాదవ్వ మనసు మాత్రం లోపలి పిల్లాడి మీదే ఉంది. పిల్లాడికి బలం తగ్గిపోతోంది. వాడికేమైనా అయితే నేరం మందు మీద పడుతుంది. తర్వాత ఊళ్ళో ఏ తల్లీ ఈ మందును దగ్గరికి రానివ్వదు, ఇంకెందరు పిల్లలు ఆకలితో పోతారో!

సాయంత్రం దాకా గుడ్డ ఎవరూ ముట్టలేదు. తర్వాతి రోజూ యాదవ్వ అలాగే ముందు తనకు, తర్వాత పిల్లాడికి పూసింది. పిండిన తల్లిపాలు దూది ఒత్తితో పడితే వాడు నాలుగు చుక్కలు మింగాడు, అంతే.

ఆ మర్నాడు వీధి మలుపు తిరగగానే యాదవ్వ ఆగింది. రోజూ అక్కడికే వినిపించే ఏడుపు ఇవాళ లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. గబగబా అరుగు ఎక్కింది. తట్టకుండా తలుపుకు చెవి ఆనించింది.

లోపలి నుంచి తలుపు తెరుచుకుంది. రాధాబాయి పెదవుల మీద వేలు పెట్టి, కళ్ళనిండా నీళ్ళతో గొంతు తగ్గించి అంది:

"మెల్లగ యాదవ్వా. తాగుతుండు."

లోపలి గదిలోంచి చిన్న చిన్న గుటకల చప్పుడు వినిపించింది. నాలుగు మాటలంటే నలభై తిప్పికొట్టే యాదవ్వ అరుగు మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.