జడ్జీలు పెరిగారని చిన్నమ్మ తెచ్చిన మలీద

మొన్న ఎల్లారెడ్డి కోర్టు బయట చాయ్ తాగుతుంటే ఇద్దరు కుర్ర వకీళ్లు వచ్చి నా పక్కన నిలబడ్డారు. హైకోర్టులో జడ్జీల ఖాళీలు నింపాలని కామారెడ్డిలో సభ పెడుతున్నారట, నేను మాట్లాడాలట. "అన్నా, మీ చిన్నమ్మ ముచ్చట జెప్పున్రి. గది ఇంటే ఎవలకైనా కండ్లల్ల నీళ్లు దిరుగుతయి" అన్నాడొకడు. చాయ్ మీద వెగటు పుట్టి గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ ముచ్చటను ఊరూరా తిప్పింది నేనే. రెండు రాష్ట్రాలకు ఒకటే హైకోర్టు ఉన్న రోజుల్లో, మాది మాకు కావాలని వకీళ్లమంతా కోర్టులు బహిష్కరించి టెంట్ల కింద కూర్చున్నప్పుడు మొదటిసారి చెప్పాను. కోర్టు వేరుపడ్డాక, ఇరవై నలుగురు జడ్జీలు ఏ మూలకు సరిపోతారని గొంతు చించుకున్నప్పుడూ చెప్పాను. ఉన్న ఖాళీలే నింపలేదు, కొత్త కుర్చీలెందుకని వాదించేవాళ్లు కూడా చిన్నమ్మ సంగతి ఎత్తగానే నోరు మూసుకునేవారు. బాబాయి పోయాక ఆమె తాడ్వాయిలో పుట్టింట చేరి బీడీలు చుట్టుకుంటోంది. పొలంలో ఆమె వాటా ఆమెకిమ్మని కింది కోర్టు తీర్పిచ్చింది. దాయాదులు వేసిన అప్పీలు హైకోర్టులో ఏళ్లుగా కదలదు. ఇదంతా నిజమే. ఆ దాయాది నా కన్నతండ్రి, మా బాపు అని మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. స్టే తెచ్చుకుని ఆమె వాటాలో వరి వేస్తున్నది మేమే. కేసు పిలుపుకొచ్చినప్పుడల్లా పట్నంలోని మా వకీలుకు ఫోన్ చేసి వాయిదా అడగమన్నది నేనే.

జడ్జీల సంఖ్య నలభై రెండుకు పెంచారన్న వార్త విని చిన్నమ్మ మా ఇంటికి మలీద తెచ్చింది. రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపి కట్టిన ముద్దలు. ఎదురు పార్టీ ఇంటికి తీపి తేవడం ఆమెకే చెల్లింది. "ఎవలు గెలిస్తేంది బావా, మనం బతికుండంగ తేలితే సాలు" అని బాపు చేతికి గిన్నె ఇచ్చింది. బాపు కడుపారా తిన్నాడు, నెయ్యి మంచిగుందన్నాడు. ఆమె బస్సెక్కిందో లేదో, వేళ్లు నాక్కుంటూ, "ఎంతమంది పెరిగితేందిరా, వాయిదా అడిగెటోనివి నువ్వే గదా" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

బాపు పోయాడు. అప్పీలులో ఆయన పేరున్న చోట ఇప్పుడు నా పేరుంది. చాయ్ బండి దగ్గరే కుర్రాళ్లకు ఇదంతా చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గిది మాత్రం సభల జెప్పకున్రి అన్నా, జనం లేసి పోతరు" అన్నాడు రెండోవాడు. సభకే రానన్నాను.

మర్నాడు తాడ్వాయి వెళ్లి, అప్పీలు వాపసు తీసుకుంటున్నానని చిన్నమ్మకు చెప్పాను. ఆమె ఒళ్లోంచి చేట దించలేదు. తునికాకు కత్తిరిస్తూనే ఉంది.

"మంచిదే బిడ్డా. నా మడిల నేనే నాటేద్దామనుకున్న. ఇగ నడుము వంగుతలేదు" అంది.

తిరుగు బస్సులో దారి పొడవునా నాట్లు పడుతున్నాయి. బురదలో వరసగా ఆడవాళ్లు వంగి ఉన్నారు. చిన్నమ్మ తన మడిలో దిగకుండానే ఎన్ని వానాకాలాలు, ఎన్ని యాసంగులు గడిచాయో. కోర్టులో మేమడిగిన వాయిదాలన్నీ ఆమె నడుములోంచే తీసుకున్నామని ఆ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.